పక్షుల నుంచి వచ్చిన న్యుమోనియా అని ఎలా తేలుతుంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, మిగతావాళ్లు చదివినా అర్థమయ్యేలా. నాన్నగారికి 58 ఏళ్లు. 11 రోజులుగా జ్వరం, భరించలేని తలనొప్పి, పొడి దగ్గు. విడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష పాజిటివ్ అని మొదట టైఫాయిడ్ మందులు వాడారు. తర్వాత ఎక్స్‌రేలో కుడివైపు కింది భాగంలో న్యుమోనియా కనిపిస్తే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు 5 రోజులు ఇచ్చారు. జ్వరం దిగలేదు. తెమడ పరీక్షలో టీబీ లేదన్నారు. మూడు వారాల కింద ఇంటికి రెండు కాకటీల్ పక్షులు (చిన్న రకం చిలుకలు) తెచ్చారు. వాటిలో ఒకటి ముడుచుకుని కూర్చుని, ఆకుపచ్చగా రెట్ట వేసి, నాలుగో రోజు చనిపోయింది. పంజరం శుభ్రం చేసేది నాన్నగారే. "ఇది పక్షుల నుంచి వచ్చిన ఇన్‌ఫెక్షనా? తెలుసుకోవడానికి ఏ టెస్ట్ చేయించాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి పక్షుల నుంచి సోకే సిట్టకోసిస్ అనే జబ్బును గట్టిగా అనుమానించాలి. కానీ ఇవాళ రక్తం ఇస్తే రేపు ఖాయంగా తేల్చి చెప్పే టెస్ట్ లేదు. ఈ జబ్బును ముందు పట్టించేది చనిపోయిన ఆ పక్షి గురించి మీరు డాక్టరు గారికి చెప్పే మాట. మందు మొదలయ్యేది ఆ అనుమానం మీదే. టెస్టులు తర్వాత వచ్చి దాన్ని గట్టిపరుస్తాయి. కాబట్టి ఈరోజే వెళ్లి పక్షుల సంగతి మొత్తం చెప్పండి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వవచ్చా అని అడగండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఆయాసం పెరిగినా, మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో ఉంచకండి, అడ్మిట్ చేయించండి.

నేను ఊపిరితిత్తుల డాక్టరుని, ఈ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను. పక్షుల వల్ల వచ్చే జబ్బులు ఎక్కువగా చూసింది పావురాలు పెంచేవాళ్లలో, బాల్కనీ నిండా పావురాలు చేరిన అపార్ట్‌మెంట్లలో. అందులో ఒక కేసు మీకు చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేను పట్టుకోలేకపోయాను.

పీజీ అయ్యాక ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక టైలర్, నలభై దాటినాయన, అచ్చం మీ నాన్నగారి లక్షణాలతోనే వచ్చారు. ఇంజెక్షన్లు మార్చాను, ఇంకా ఖరీదైనవి పెట్టాను. ఆరో రోజు రౌండ్స్‌లో ఆయన మంచం పక్కన నిలబడి కేస్‌షీట్ రాస్తున్నాను. ఆయన చిన్న కూతురు వచ్చి, "నాన్నా, పావురాలకు గింజలు రోజూ నేనే వేస్తున్నా, నువ్వేం దిగులు పెట్టుకోకు" అంది. నా చెయ్యి ఆగిపోయింది. అడిగితే, మేడ మీద ముప్పై జతలున్నాయట. జ్వరం రాకముందు వారం కూర్చుని గూళ్లన్నీ గీకి కడిగాడట. చేరిన రోజు నేను ఆయన్ని అడగకపోలేదు. "ఇంట్లో పెంపుడు జంతువులున్నాయా?" అన్నాను, "లేవు సార్" అన్నాడు. ఆయన లెక్కలో పెంపుడు జంతువంటే కుక్క, పిల్లి. పావురాలు పావురాలే. ఆ సాయంత్రం డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాం, మర్నాటి రాత్రికి జ్వరం లేదు. ల్యాబ్‌లో నిరూపించే వీలు అప్పుడు మాకు లేదు కాబట్టి సిట్టకోసిస్ అని నూటికి నూరు పాళ్లు చెప్పలేను. కానీ ఆరు రోజులు ఆ మనిషి పడ్డ బాధ మాత్రం నేను ప్రశ్న సరిగ్గా అడగకపోవడం వల్లే. అప్పటినుంచి పక్షుల సంగతి విడిగా అడుగుతాను: ఇంట్లో, మేడ మీద, పక్కింట్లో, పనిచేసే చోట, ఈ నెలలో ఎక్కడైనా పంజరం కడిగారా, కోళ్ల షెడ్డులోకి వెళ్లారా, పక్షి ఏదైనా చచ్చిందా అని.

ఇక మీ నాన్నగారిలో నాకు అనుమానం ఎందుకు వచ్చిందో చెప్తాను.

ఈ జబ్బుకు కారణం క్లమిడియా సిట్టాసి అనే బ్యాక్టీరియా. చిలుకలు, లవ్‌బర్డ్స్, కాకటీల్స్, పావురాలు, బాతులు, టర్కీ కోళ్లలో ఉంటుంది. పక్షి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూ కూడా దాన్ని రెట్టలో వదులుతుంది. దుకాణం మారినా, ప్రయాణం చేసినా, ఇరుకు పంజరంలో కుక్కినా ఆ ఒత్తిడికి ఇంకా ఎక్కువ వదులుతుంది. కొత్తగా తెచ్చిన పక్షి విషయంలో జాగ్రత్త అనేది అందుకే. పంజరం అడుగున పరిచిన న్యూస్‌పేపర్‌ను చూడండి. రెట్ట ఎండి తెల్లటి పెచ్చుగా అంటుకుని ఉంటుంది. కాగితం మడిచి లాగగానే పొడి రేగి, కిటికీ ఎండలో సన్నగా తేలుతుంది. మనం పీల్చేది దాన్నే. ఎండిన రెట్టలో ఈ క్రిమి నెలల తరబడి బతికి ఉంటుంది. పీల్చిన 5 నుంచి 14 రోజుల్లో సాధారణంగా జ్వరం మొదలవుతుంది, అప్పుడప్పుడు ఇంకాస్త ఆలస్యం అవుతుంది. మీరిచ్చిన తేదీలు దీనికి సరిపోతున్నాయి.

జ్వరం ఒక్కసారిగా, చలి వణుకుతో వస్తుంది. తలనొప్పి దగ్గును మించి ఉంటుంది. చాలామంది మొదటి వారం నరాల డాక్టరు దగ్గరికో కళ్ల డాక్టరు దగ్గరికో వెళ్తారు. ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. స్టెత్ పెడితే పెద్దగా శబ్దాలు వినపడవు, ఎక్స్‌రే తీస్తే మాత్రం దట్టమైన మచ్చ. ఆ రెండింటికీ పొంతన లేకపోవడమే నన్ను ఆలోచనలో పడేస్తుంది.

ఇంకొకటి, ఇంట్లోనే చూడొచ్చు. మామూలుగా జ్వరం 103, 104 ఉంటే నాడి 110, 120 దాటి కొట్టుకుంటుంది. ఈ జబ్బులో 104 జ్వరంలోనూ నాడి 85, 90 దగ్గరే ఉండవచ్చు. థర్మామీటర్ పెట్టినప్పుడే నాడి కూడా లెక్కపెట్టి రెండూ పక్కపక్కన రాయండి. అయితే నాన్నగారు బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే ఈ లెక్క పనిచేయదు, ఆ మాత్రలే నాడిని తగ్గిస్తాయి. టైఫాయిడ్‌లో కూడా నాడి ఇలాగే నెమ్మదిగా ఉంటుంది కాబట్టి దీన్ని ఒక ఆనవాలుగా చూడాలంతే, రుజువుగా కాదు.

టైఫాయిడ్‌తో పొరపాటు పడటం మనతో మొదలైంది కాదు. 1879లో స్విట్జర్లాండ్‌లో జాకబ్ రిట్టర్ అనే డాక్టరు, పెంపుడు పక్షులున్న ఒక ఇంట్లో వరసగా జబ్బుపడ్డవాళ్లను చూసి మొదటిసారి దీన్ని వర్ణించినప్పుడు పెట్టిన పేరే 'న్యుమోటైఫస్', అంటే టైఫాయిడ్‌లా ఉండే న్యుమోనియా. మన దగ్గర దానికి విడాల్ తోడైంది. ఒక్కసారి చేసిన విడాల్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ కాదు, పాత ఇన్‌ఫెక్షన్ల వల్లా వస్తుంది. టైఫాయిడ్‌ను నమ్మకంగా తేల్చేది యాంటీబయాటిక్ పడకముందు తీసిన బ్లడ్ కల్చర్.

మామూలు రక్తపరీక్షలు. తెల్లకణాల సంఖ్య మామూలుగానే ఉండి, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే పరీక్ష) మాత్రం బాగా పెరిగి ఉంటే నా అనుమానం బలపడుతుంది. లివర్ పరీక్షలైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కొద్దిగా పెరగడం, సోడియం తగ్గడం కూడా తరచూ కనిపిస్తాయి. మీ దగ్గరున్న రిపోర్టుల్లో ఈ నాలుగూ చూసుకోండి.

పీసీఆర్. క్రిమి జన్యువులను వెతికే టెస్ట్ ఇది, మొదటి రోజుల్లో ఎక్కువ ఉపయోగపడేది ఇదే. గొంతు స్వాబ్, తెమడ, లేదా బ్రాంకోస్కోపీ చేసి ఊపిరితిత్తి లోపల కడిగి తీసిన ద్రవం పంపిస్తాం. తెమడ రాని పొడి దగ్గు కాబట్టి శాంపిల్ దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి గుర్తుపెట్టుకోండి. పెద్ద ఆసుపత్రుల్లో న్యుమోనియాకు చేసే పీసీఆర్ ప్యానెళ్లలో 'క్లమిడియా' అని ఒక వరుస ఉంటుంది. చాలా ప్యానెళ్లలో అది క్లమిడియా న్యుమోనియే, దీనికి దాయాది, వేరే క్రిమి. అది నెగెటివ్ అని వస్తే సిట్టాసి లేదని కాదు. రిపోర్టులో 'సిట్టాసి' అనే మాట విడిగా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ టెస్ట్ చేయనట్టే లెక్క. ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఈ పేరుతో పీసీఆర్ ఉందా, లేకపోతే పైల్యాబ్‌కు పంపగలరా అని శాంపిల్ ఇవ్వకముందే అడగండి.

యాంటీబాడీ టెస్ట్. క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం చేసుకునే ప్రొటీన్లను రక్తంలో కొలిచే టెస్ట్ ఇది, ఒక్కసారి చేయించి వదిలేసేది కాదు. జబ్బు మొదట్లో ఒక శాంపిల్, 2 నుంచి 4 వారాల తర్వాత రెండోది తీసి, రెండింటినీ ఒకే ల్యాబ్‌లో పక్కపక్కన చేయించాలి. ఐజీజీ అనే రకం యాంటీబాడీ స్థాయి నాలుగు రెట్లు లేదా అంతకన్నా పెరిగితే అప్పుడు ఖాయం అంటాం. ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీ ఒక్కసారి 1:32 లేదా ఎక్కువ స్థాయిలో వచ్చినా, లేదా పీసీఆర్ ఒక్కటే పాజిటివ్ అయినా, 'ఎక్కువగా ఇదే కావచ్చు' అనే వర్గంలో పెడతారు. డాక్సీసైక్లిన్ త్వరగా మొదలుపెడితే శరీరం యాంటీబాడీలు చేయడం మందగిస్తుంది. అలాంటప్పుడు 4 నుంచి 6 వారాల మధ్య మూడో శాంపిల్ కూడా తీస్తాం. అలాగని యాంటీబాడీ బాగా కనపడాలని మందు ఆపి కూర్చోకూడదు.

ఇంకో మాట. బయట ల్యాబ్‌కు వెళ్లి 'క్లమిడియా ఐజీజీ' అంటే చాలాచోట్ల క్లమిడియా ట్రకోమాటిస్ టెస్ట్ చేస్తారు. అది లైంగికంగా వచ్చే ఇన్‌ఫెక్షన్‌కు, పిల్లలు కలగని సమస్యకు చేసే టెస్ట్. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని ఒక ఇంట్లో భార్యాభర్తలు వారం రోజులు మాట్లాడుకోలేదు. ఈ జాతి క్రిముల యాంటీబాడీలు ఒకదానికొకటి పోలి ఉండి, ఒకదాని టెస్ట్‌లో ఇంకొకటి పాజిటివ్ చూపిస్తుంది. ఆ భార్యాభర్తల విషయంలో దాన్ని విడమరచి చెప్పడానికి నాకు గంట పట్టింది. కాబట్టి మీ అంతట మీరు ఆన్‌లైన్‌లో టెస్ట్ బుక్ చేయకండి.

కల్చర్ ఎందుకు చేయరు? ఈ క్రిమి బతికున్న కణాల లోపల మాత్రమే పెరుగుతుంది, మామూలు కల్చర్ ప్లేటు మీద పెరగదు. పైగా ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకే ప్రమాదం. 1929-30లో చిలుకల వల్ల ఈ జబ్బు చాలా దేశాలకు పాకినప్పుడు, వాషింగ్టన్‌లోని హైజీనిక్ లేబొరేటరీలో దీన్ని పరిశోధించిన డాక్టర్ చార్లెస్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా జబ్బుపడ్డారు, ఆయనకు సాయం చేసిన టెక్నీషియన్ చనిపోయారు. ఇప్పటికీ ప్రత్యేకమైన భద్రత ఉన్న ల్యాబ్‌లలో తప్ప ఈ క్రిమిని పెంచరు. ఇందుకే ల్యాబ్‌కు ఏ శాంపిల్ పంపినా ఫారం మీద అనుమానం ఏమిటో రాయడం మా బాధ్యత.

ఇప్పుడు రెండోవైపు. పక్షులున్నాయి కదా అని నేనే ఒకసారి తొందరపడ్డాను. లవ్‌బర్డ్స్ ఉన్న ఇల్లు, జ్వరం, దగ్గు. డాక్సీసైక్లిన్ ఇచ్చాను, కాస్త తగ్గినట్టు అనిపించింది. నాలుగో వారం తెమడలో టీబీ బయటపడింది. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీని పక్కన పెట్టే హక్కు ఏ డాక్టరుకూ లేదు. నాన్నగారికి తెమడను మైక్రోస్కోప్ కింద చూసి లేదన్నారా, టీబీ క్రిమి జన్యువులను వెతికే సీబీనాట్ లేదా ట్రూనాట్ చేసి లేదన్నారా? మొదటిదైతే రెండోది చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అది చేయించేదాకా లెవోఫ్లాక్సాసిన్ లాంటివి వాడకపోవడం మంచిది. అవి టీబీని కొన్నాళ్లు అణచిపెట్టి, రోగనిర్ధారణను ఆలస్యం చేస్తాయి.

మన ప్రాంతంలో స్క్రబ్ టైఫస్‌ను కూడా వెతకాలి. పొలాలు, పొదల్లో ఉండే సన్నటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. జ్వరం, తలనొప్పి, న్యుమోనియా అన్నీ ఉంటాయి. చంకల్లో, గజ్జల్లో, నడుం బట్ట కట్టుకునే చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో బట్టలు తీసి చూడాలి. సిగ్గుపడి చూడనివ్వకపోవడం వల్ల తప్పిపోయిన కేసులు నాకు తెలుసు. దీనికి కూడా డాక్సీసైక్లినే మందు కావడం మన అదృష్టం. లెజియోనెల్లా అనే మరో న్యుమోనియాకు మూత్రంలో యాంటిజెన్ టెస్ట్ ఉంది, అది కూడా అడగండి.

చనిపోయింది ఒక్క పంజరం పక్షి కాకుండా కోళ్లు గుంపుగా చనిపోతూ ఉంటే ఆలోచన పూర్తిగా మారుతుంది. అప్పుడు ముందు బర్డ్ ఫ్లూ. గొంతు, ముక్కు స్వాబ్‌తో ఆర్‌టీ-పీసీఆర్ చేస్తారు, జిల్లా ఆరోగ్య శాఖకు తెలియజేయాలి. 2025లో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయిన సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. షుగర్ అదుపులో లేనివాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు పావురాల రెట్టతో మెలిగితే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ కోసం రక్తంలో యాంటిజెన్ టెస్ట్ చేయిస్తాం.

ఇన్‌ఫెక్షన్ కానిది కూడా ఒకటుంది, మన ఊళ్లలో నేను ఎక్కువ చూసేది అదే. పక్షుల ఈకల పొడి, రెట్టలోని ప్రొటీన్లు పడక ఊపిరితిత్తులు వాచిపోవడం. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటాం. 2017లో వెలువడిన భారతదేశపు రిజిస్ట్రీలో, ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడే రకం జబ్బులున్న 1,084 మందిని పరిశీలిస్తే దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఇదే. కారణాల్లో పక్షులు, ఎయిర్ కూలర్లు ముఖ్యమైనవి. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఏడాది పాటు ఆస్తమా మందులు వాడి నా దగ్గరికి వచ్చారు. బెంగళూరులో కూతురి దగ్గర మూడు వారాలుంటే దగ్గు మాయమవుతుంది, ఇంటికొచ్చిన రెండో రోజు మళ్లీ మొదలు. "ఊరి గాలి పడట్లేదమ్మా" అని అందరూ అంటున్నారట. పడకగది ఏసీ బయటి యూనిట్ ఫోటో తీసి పంపమన్నాను. యూనిట్‌కు, గోడకు మధ్య పావురాల గూడు, చేతి మందాన రెట్ట.

దీన్ని హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో (ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా చూపే సీటీ) పట్టుకుంటాం. పొగమంచు కమ్మినట్టు, మధ్యమధ్య గాలి చిక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. పావురం ప్రొటీన్‌కు ఐజీజీ టెస్ట్ ఉంది కానీ, అది పక్షులతో మెలిగారని చెప్తుంది, జబ్బు ఉందని చెప్పదు. ఏ జబ్బూ లేని పావురాల పెంపకందార్లలో కూడా పాజిటివ్ వస్తుంది. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు. పక్షుల నుంచి దూరం కావడమే అసలు వైద్యం, అవసరమైతే స్టెరాయిడ్లు. సిట్టకోసిస్‌లో స్టెరాయిడ్ మీద ఆధారపడితే ప్రమాదం, ఇందులో యాంటీబయాటిక్ మీద ఆధారపడితే కాలయాపన. రెండింటినీ విడదీయడం అందుకే అంత ముఖ్యం. మీ నాన్నగారిది 11 రోజుల జ్వరం, ఒకే చోట దట్టమైన మచ్చ కాబట్టి నా మొగ్గు ఇన్‌ఫెక్షన్ వైపే.

మందు గురించి. పెద్దవాళ్లకు సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. జ్వరం పోయాక కూడా 10 నుంచి 14 రోజులు కొనసాగిస్తాం. మూడు రోజులకు బాగుందని ఆపేస్తే తిరగబెడుతుంది. చాలామందిలో 24 నుంచి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. ఆ దిగడం కూడా నిర్ధారణకు ఒక ఆధారమే. 72 గంటలైనా చలనం లేకపోతే నా అంచనా తప్పని ఒప్పుకుని సీటీ, బ్రాంకోస్కోపీకి వెళ్తాను. సెఫ్ట్రియాక్సోన్, అమాక్సిసిలిన్ లాంటివి ఈ క్రిమి మీద నమ్మదగినవి కావు, ఆ 5 రోజులు జ్వరం దిగకపోవడానికి అది కారణం కావచ్చు. గర్భిణులకు, చిన్నపిల్లలకు అజిత్రోమైసిన్ వైపు వెళ్తాం. మాత్ర నిండు గ్లాసు నీళ్లతో కూర్చుని వేసుకోవాలి, వేసుకున్నాక అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. ఐరన్, గ్యాస్ మందులకు రెండు మూడు గంటల ఎడం ఉండాలి. మెడికల్ షాపులో మీరే కొని మొదలుపెట్టకండి, ఆక్సిజన్, కిడ్నీ, లివర్ చూశాకే. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఈ జబ్బుతో నూటికి 15 నుంచి 20 మంది పోయేవారు. సరైన మందు సకాలంలో పడితే ఇప్పుడు నూటికి ఒకరు కూడా పోరు. అందుకే టెన్షన్ పడకండి, ఆలస్యం మాత్రం చేయకండి.

మిగిలిన పక్షిని భయపడి బయట వదిలేయకండి, వేరే ఇంటికి ఇవ్వకండి. పశువైద్యుడికి చూపించండి, రెట్టకు, గొంతు స్వాబ్‌కు పీసీఆర్ చేయవచ్చు. అది నెగెటివ్ వచ్చినా పక్షికి లేదని కాదు, రోజూ ఒకేలా క్రిమిని వదలదు. దానికి కూడా వైద్యం ఉంది, సాధారణంగా 45 రోజులు. పంజరం నాన్నగారు ముట్టుకోవద్దు. ఎవరు చేసినా ఎన్95 మాస్క్, గ్లవ్స్ వేసుకుని, ముందు బ్లీచింగ్ కలిపిన నీళ్లు చల్లి పూర్తిగా తడిపాకే కాగితం తీయాలి. పొడిగా ఊడ్చొద్దు, వాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు. మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు కాబట్టి నాన్నగారిని గదిలో బంధించనవసరం లేదు. కానీ ఆ పంజరం గాలి పీల్చిన ఇంట్లోవాళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా అదే డాక్టరుకు చూపించండి. పక్షులు కొన్న దుకాణంవాళ్లకు కూడా ఒక మాట చెప్పండి, అక్కడ రోజంతా ఆ పొడిలో కూర్చునే కుర్రాళ్లుంటారు.

ఈరోజు డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు పక్షులు తెచ్చిన తేదీ, పక్షి చనిపోయిన తేదీ, జ్వరం మొదలైన తేదీ, ఇప్పటిదాకా వాడిన యాంటీబయాటిక్‌ల పేర్లు ఒకే కాగితం మీద వరసగా రాసుకెళ్లండి. డాక్సీసైక్లిన్ మొదటి మాత్రకు ముందే వీలైతే గొంతు స్వాబ్, మొదటి రక్తం శాంపిల్ తీయించండి. వీలుకాకపోతే మాత్ర ముందు, శాంపిల్ తర్వాత. సీఆర్‌పీ, సోడియం, లివర్ రిపోర్టుల్లో అంకెలు ఇక్కడ రాయండి, రాత్రికి చూసి చెప్తాను.